పిత్తము పోయి వచ్చు దారి

మాంసము వండు ఇండ్లలో కార్జమును కోయువారికి ఒక జాగ్రత్త చిన్ననాడే పట్టువడును. కార్జము నంటిపెట్టుకొని యుండు చిన్న ఆకుపచ్చని తిత్తిని చిట్లకుండ తీసివేయవలెను. అది చిట్లి ఒక్క చుక్క పడినను కూర యంతయు చేదగును. మాంసము ముట్టని ఇండ్లవారికిని ఆ ద్రవము తెలియనిది కాదు. కడుపులో ఏమియు మిగులక వాంతులగునపుడు తుదకు వచ్చు పచ్చని నీటిని చూచి “పసరు కక్కుచున్నాడు” అందుము. పైత్యమను మాటను మనము తలతిప్పుటకును వాడుదుము, అర్థములేని మాటలాడువానిని గూర్చియు వాడుదుము. చేదైనది, వికారము పుట్టించునది, చూడ నింపుగానిది: ఇట్టి ద్రవమును దేహము వెలుపలికి గెంటివేయు కల్మషమని మనుష్యులు తలంచుటలో వింత లేదు.

అయినను ఆ కల్మషమును మన దేహము పారవేయదు. కాలేయమునుండి పిత్తముతో ప్రేగులోనికి దిగిన ముఖ్య పదార్థమును, తన పని తీరిన పిమ్మట, ప్రేగు చివరినుండి ఏరి తెచ్చి రక్తముద్వారా మరల కాలేయమునకే అప్పగించును. అదే పదార్థము మరల దిగును, మరల వచ్చును. ఒక్క దినములోనే ఇట్లు అనేక పర్యాయములు జరుగును. ఈ రాకపోకలను మానవుడు ఊహించుట ఒక కాలమున జరిగినది, నిరూపించుట దాదాపు రెండు శతాబ్దముల తరువాత జరిగినది. ఆ నడుమ పిత్తమును మలినమని నమ్మిన వైద్యము ఎందరినో బాధపెట్టినది. ఆ కథనే ఈ ప్రసంగమునందు చెప్పుకొందము.

ప్రాచీన గ్రీకు వైద్యులు దేహమునందు నాలుగు రసములున్నవనిరి. రక్తము, కఫము, పసుపు పిత్తము, నల్ల పిత్తము. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున రోము నగరములో ప్రసిద్ధి గాంచిన గాలెను మతము ప్రకారము కాలేయము రక్తమును వండు వంటశాల. ప్రేగులనుండి వచ్చిన అన్నరసము అచ్చట రక్తముగా మారును. వంటలో మిగిలిన మడ్డి పిత్తము. దానిని పిత్తాశయము పీల్చుకొని ప్రేగులలోనికి వదలును. మన సుశ్రుతసంహితయు యకృత్తు ప్లీహములయందుండు రంజకము రసమునకు ఎఱుపు రంగు నిచ్చి రక్తముగా చేయునని చెప్పినది. కాలేయమునకును రక్తమునకును ముడిపెట్టుటలో రెండు దేశములవారును ఒకే విధముగా ఆలోచించిరి. అయితే ఆయుర్వేదమునందలి పిత్తము కేవలము చేదు ద్రవము కాదు. అన్నమును పచనము చేయు శక్తికిని అదే పేరు. ఈ విషయమున మన పూర్వుల మాట గాలెను మాటకంటె కొంత ఉదారముగా నున్నది. కాని పిత్తము ప్రకోపించెనన్నచో విరేచనమిచ్చి వెడలగొట్టుట రెండు వైద్యములలోను కలదు.

పదునేడవ శతాబ్దమున ఈ వంటశాల కూలినది. 1622లో ఇటలీ దేశమున అసెల్లి అను శరీరశాస్త్రవేత్త, అప్పుడే తిండి తిన్న కుక్క పొట్టను కోసి చూచి, ప్రేగులనంటి యుండు పొరలో పాలవలె తెల్లని సన్నని నాళములను కనుగొనెను. 1628లో హార్వే రక్తప్రసరణమును వెల్లడించెను. 1651లో ఫ్రాన్సు దేశీయుడగు పెకే, ఆ తెల్లని రసము కాలేయమునకు పోక, ఱొమ్ములోని ఒక నాళముద్వారా తిన్నగా రక్తములో కలియుచున్నదని చూపెను. అనగా కాలేయమునకు అన్నరసమే అందుటలేదు, ఇక రక్తమును దేనితో వండును? డెన్మార్కు దేశీయుడగు థామస్ బార్తోలిన్ 1653లో ప్రచురించిన గ్రంథమునకు ‘కాలేయమునకు అంత్యక్రియలు’ అను అర్థము వచ్చు మాటలు కూడ పేరులో చేర్చెను. శాస్త్రగ్రంథములలో ఇట్టి పరిహాసము అరుదు. రాజ్యము పోయిన రాజుకు చీపురు ఇచ్చినట్లు, కాలేయమునకు పిత్తమును వడకట్టు పని యొక్కటియే మిగిలెను.

ఆ సమయముననే ఒక గణితజ్ఞుడు ఈ విషయములో తలదూర్చెను. జోవన్ని అల్ఫోన్సో బోరెల్లి 1608లో నేపుల్సు నగరమున పుట్టెను. పీసా నగరమున గణితము బోధించుచున్నప్పుడు ఆయనకు మాల్పీఘీతో స్నేహమైనది. సూక్ష్మదర్శినితో కేశనాళికలను తొలిసారి చూచిన ఆ మాల్పీఘీయే, పిల్లి పిల్లయందు పిత్తాశయమును కట్టివేసినను పిత్తము ప్రేగులోనికి దిగుచునే యుండునని చూపి, పిత్తమునకు పుట్టినిల్లు కాలేయమే గాని ఆ చిన్న తిత్తి కాదని తేల్చెను. మిత్రుడు కత్తితోను కటకముతోను చేసిన పనిని బోరెల్లి లెక్కలతో చేయబూనెను. పక్షి ఎగురుట, చేప యీదుట, మనిషి బరువెత్తుట, ఇవన్నియు ఆయనకు మీటలును కప్పీలును. ఆ కన్నుతోనే పిత్తమును గూడ చూచెను. ఒక దినమున ప్రేగులలోనికి దిగు పిత్తము చాల యెక్కువ. అదియంతయు మలముతో పోవుచున్నచో దేహము దానికి చాలినంత ద్రవ్యమును ఎచ్చటినుండి తేగలదు? కాబట్టి పిత్తము ప్రేగులనుండి సిరలద్వారా మరల కాలేయమునకు చేరవలెను. హార్వే రక్తమును గూర్చి వేసిన లెక్కయు ఇట్టిదే. గుండె గంటకు నెట్టు రక్తమును లెక్కించి, అంత రక్తము తినుతిండినుండి ప్రతి గంటకును క్రొత్తగా పుట్టజాలదు గనుక ఉన్న రక్తమే తిరుగుచున్నదని ఆయన తేల్చెను.

బోరెల్లి చివరి దినములు సుఖముగా గడువలేదు. రోము నగరమున ఒక మఠమునందు తల దాచుకొని, పిల్లలకు గణితము చెప్పుచు 1679లో కన్నుమూసెను. జంతువుల చలనమును గూర్చిన ఆయన మహాగ్రంథము ఆయన మరణానంతరము, 1680–81లో వెలువడెను. పిత్తమును గూర్చిన మాట ఆ గ్రంథమునందు మరుగున పడియుండెను. లెక్క సరియైనదే గాని, పిత్తము తిరిగి వచ్చుట కంటితో చూచినవారు లేరు. చూచుటకు సాధనమును లేదు. రక్తములో కలిసిన పిత్తమును గుర్తుపట్టుట ఎట్లు?

గుర్తుపట్టుటకు మొదట పిత్తమున ఏమున్నదో తెలియవలెను. ఆ పని రసాయనికులది, అది పందొమ్మిదవ శతాబ్దమునాటిది. జర్మనీలో హైడెల్‌బర్గు పండితులగు టీడెమన్, గ్మెలిన్‌లు జీర్ణక్రియను గూర్చి 1826లో ప్రకటించిన గ్రంథమున ఎద్దు పిత్తమును విప్పి చూపిరి. అందులో వారు కనుగొన్న ఒక పదార్థమునకు ఎద్దు పేరనే తరువాత టారిన్ అను పేరు కలిగెను. 1844లో పెట్టెన్‌కోఫర్ ఒక సులభమైన పరీక్షను చెప్పెను. పిత్తముగల ద్రవమునకు కొంచెము చక్కెరయు గంధకామ్లమును చేర్చినచో చక్కని ఎఱుపు ఊదా రంగు వచ్చును. 1848 ప్రాంతమున స్ట్రెక్కర్, ఎద్దు పిత్తమునందు ముఖ్యముగా రెండు ఆమ్లములున్నవనియు, రెండింటికిని కోలిక్ ఆమ్లమే మూలమనియు, ఒకటి టారినుతోను రెండవది గ్లైసినుతోను జతకట్టి యున్నదనియు స్పష్టము చేసెను. వీనినే మనము పిత్తామ్లములందుము. పిత్తమునకు పచ్చదనమిచ్చు రంగు వేఱు, ఈ ఆమ్లములు వేఱు. రంగు నిజముగనే చాలవరకు పారవేయదగిన వస్తువు. పిత్తముచేయు పనికి కర్తలు ఈ ఆమ్లములు. సబ్బు జిడ్డును పట్టి నీటిలో కలిపినట్లు ఇవి నేతిని, నూనెను సన్నని బిందువులుగ విడగొట్టి ప్రేగు గోడకు అందించును. ఈ రెంటికిని తేడా తెలియక ఒకే పేరున పిలుచుటచేతనే పిత్తము మలమా కాదా అను వాదము అంతకాలము తెగలేదని మాకు తోచుచున్నది.

ఇంతలో వైద్యుల గదులలో ఏమి జరుగుచుండెను? ఇచ్చట కథ మన దేశమునకు వచ్చును. ఉష్ణదేశముల ఎండకు కాలేయము చెడి పిత్తము పేరుకొనునని ఆంగ్ల వైద్యులు గాఢముగా నమ్మిరి. జేమ్స్ జాన్సన్ అను నౌకావైద్యుడు ఉష్ణదేశ వాతావరణమును గూర్చి 1813లో వ్రాసిన గ్రంథము ఇండియాకు వచ్చు వైద్యులకు మార్గదర్శకమాయెను. అందులో కాలేయరోగములకు ప్రధానౌషధము క్యాలోమెల్, అనగా పాదరసపు లవణము. అది కాలేయమును కదిలించి పిత్తమును వెడలించునని నమ్మకము. నోట లాలాజలము కారుట మొదలిడినచో మందు పట్టినదని సంతోషించెడివారు. నిజమునకది పాదరసపు విషలక్షణము. చిగుళ్లు వాచి, పండ్లు కదిలిపోయినవారెందరో. ఆకుపచ్చని విరేచనములను చూపి “ఇదిగో, చెడు పిత్తము పోవుచున్నది” అని వైద్యుడు చెప్పగా రోగి నమ్మెను. కొంతకాలము క్రిందటివరకు మన పల్లెలలోను పట్టణములలోను పైత్యము పోవుటకని నెలకొకసారి భేది పుచ్చుకొనుట కలదు. ఆముదముతో పోయినది గనుక మనవారికి హాని తక్కువ. దొరల బంగళాలలో పాదరసము రాజ్యమేలినది.

పిత్తము నిజముగ మలమే యైనచో దానిని వెలుపలికి పంపిన జంతువు సుఖముగా బ్రతుకవలెను గదా. ఈ ప్రశ్నను తిన్నగా అడిగినవాడు థియొడోర్ ష్వాన్. జంతువుల దేహమంతయు కణమయమని చాటిన ష్వాను ఇతడే. 1844లో లూవెన్ నగరమునందుండగా, కుక్కల పిత్తనాళమును కట్టి, పిత్తము ప్రేగులోనికి పోక పొట్టకు చేసిన రంధ్రముద్వారా వెలుపలికి కారునట్లు చేసెను. కుక్కలు తిండి తినుచునే చిక్కిపోయెను. వెండ్రుకలు రాలెను. చాలభాగము కొన్ని వారములలో చనిపోయెను. పిత్తము ప్రాణమునకు అవసరమని ష్వాను తీర్మానించెను. బ్లోండ్లో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుని కుక్కయొకటి ఇట్టి రంధ్రముతోనే చాలకాలము బ్రతుకుటచేత వాదము మరల లేచినది. నోరులేని ఆ కుక్కల బాధను తలంచినపుడు మనసు క్రుంగును. ఐనను, ఈ ప్రయోగములను ఖండించుచు, అదే కాలమున మనుష్యులకు పాదరసము పోసిన చేతులను మెచ్చుటయు న్యాయము కాదు.

గొప్ప రసాయనికుడగు లీబిగ్ 1842లోనే బోరెల్లి దారిలోనికి వచ్చెను. మలములో పిత్తపదార్థము మిక్కిలి తక్కువగా కనబడుచున్నది గనుక అది మరల దేహములోనికి పోవుచున్నదనెను. అంతవరకు సరియే. కాని లోనికి పోయిన పిత్తము దేహపు వేడిమికి వంటచెఱకుగా కాలిపోవునని ఆయన మతము. అమూల్యమైన పాత్రను పొయ్యిలో పెట్టినట్లయినది. 1852లో డోర్పాటు నగరమున, నేడు ఎస్టోనియాలోని టార్టూ అదియే, బిడ్డర్, ష్మిట్ అను నిరువురు కుక్కల పిత్తమును తూచి, అందలి టారినులో గంధకముండుటను ఆధారము చేసికొని లెక్కకట్టిరి. పిత్తముతో దిగిన గంధకములో మలముతో పోవునది స్వల్ప భాగమే. మిగిలినదంతయు లోనికి తిరిగి పోయినది. బోరెల్లి ఊహించిన జమాఖర్చులు ఇప్పుడు త్రాసుమీదికి ఎక్కినవి.

క్యాలోమెల్‌కును పరీక్ష వచ్చినది. ఎడింబరో ఆచార్యుడు జాన్ హ్యూస్ బెన్నెట్ అధ్యక్షుడుగా బ్రిటిషు వైద్యసంఘమువారు నియమించిన ఉపసంఘము, పిత్తము వెలుపలికి వచ్చునట్లు చేసిన కుక్కలకు ఆ పాదరసపు మందునిచ్చి, 1868–69 సంవత్సరములలో ఫలితములను వెల్లడించినది. మందుచేత పిత్తము పెరుగలేదు. విరేచనములైనప్పుడు తగ్గినది కూడ. అర్ధశతాబ్దముపైగా లక్షల మందికి ఇచ్చిన ఔషధము చేయునన్న పనిని చేయనే లేదు. ఈ వార్తతో ఆ మందు వెంటనే పోయినదని శ్రోతలు తలంపవలదు. అలవాటు నివేదికలకు లొంగదు. ఇరువదవ శతాబ్దమున గూడ అది చాలకాలము మందుల దుకాణములలో నిలిచియే యుండెను.

ఇక ఈ కథకు నడిబొడ్డు ఫ్లోరెన్సు నగరము, 1870. మోరిట్జ్ షిఫ్ జర్మనీలో పుట్టి, స్విట్జర్లాండులో బోధించి, 1863లో ఇటలీకి వచ్చిన శరీరధర్మశాస్త్రజ్ఞుడు. ఇతని తెలివి పరికరముతో ప్రారంభమైనది. వెనుకటివారు పిత్తమును పూర్తిగా వెలుపలికి మళ్లించిరి. షిఫ్ రెండు వైపులకు పనిచేయు గొట్టమును అమర్చెను. కాలువకు తూమువలె, కావలసినపుడు పిత్తమును వెలుపలికి పట్టవచ్చును, లేనపుడు మామూలుగ ప్రేగులోనికి వదలవచ్చును. ప్రేగులోనికి పోనిచ్చినంతకాలము కాలేయము దండిగా పిత్తమును ఇచ్చుచుండెను. వెలుపలికి మళ్లించగానే కొంతసేపటికి ధార సన్నగిల్లెను. మరల పిత్తమును ప్రేగులో పోయగా ధార పెరిగెను. ఎద్దు పిత్తమును పోసినను పెరిగెను. దీనికి అర్థమేమి? కాలేయము ఎప్పటికప్పుడు క్రొత్త పిత్తమును చేయుటలేదు. తిరిగి వచ్చినదానినే మరల పంపుచున్నది. రాక ఆగినచో పోకయు తగ్గును.

ఆక్షేపించువారు లేకపోలేదు. ప్రేగులో పోసిన పిత్తము కాలేయమును ఉద్రేకపరచి యుండవచ్చును గాని, ఆ పిత్తమే తిరిగి వచ్చినదని నిదర్శనమేది? షిఫ్ దీనికి చేసిన సమాధానము మాకు మిక్కిలి నచ్చినది. గినీపందుల పిత్తమునకు పెట్టెన్‌కోఫర్ పరీక్ష చేసినచో రంగు రాదు. ఎద్దు పిత్తమునకు వచ్చును. షిఫ్ గినీపంది ప్రేగులోనికి ఎద్దు పిత్తమును ఎక్కించెను. కొంతసేపటికి ఆ గినీపంది స్వంత పిత్తమును తీసి చక్కెరయు ఆమ్లమును కలిపి చూడగా, రంగు వచ్చినది! ఎద్దు సొత్తు గినీపంది ఇంట దొరికినది. 1884లో వైస్ అనునతడు దీనినే మరియొక విధమున చూపెను. కుక్క పిత్తమునందు టారినుతో జతకట్టిన ఆమ్లమే యుండును, గ్లైసినుతో జతకట్టినది యుండదు. ఆ లేని ఆమ్లమును కుక్కకు తినిపించగా అది కుక్క పిత్తమున కనబడెను. 1878లో టాప్పెయినర్ ప్రేగులోని వేర్వేరు భాగములను విడిగా కట్టి చూచి, ఈ పీల్చుకొనుట ప్రేగు మొదటి భాగమున గాక క్రిందిభాగముననే జరుగునని తెలిపెను.

షిఫ్‌కు సన్మానము గాక నిరసనలు లభించెను. ఫ్లోరెన్సులో నివసించు ఆంగ్లేయులు, వారిలో ఫ్రాన్సిస్ పవర్ కాబ్ అను రచయిత్రి, అతని ప్రయోగశాలలోని జంతుహింసకు వ్యతిరేకముగా 1863లోనే సంతకములు సేకరించిరి. ఆ గొడవలు చల్లారక 1876లో అతడు జెనీవాకు తరలిపోయి అచ్చటనే 1896లో మరణించెను. ఇరుపక్షములను నేడు చదువునపుడు ఎవరిని తీసివేయుటకును మనసొప్పదు. ప్రయోగములకు మత్తుమందును, నియమములును అవసరమని లోకమునకు నేర్పినది కాబ్ వంటివారే.

పిత్తామ్లపు అణువు నిర్మాణమెట్టిదో తెలియుట మరియొక గొడవ. మ్యూనిక్ నగరమున హైన్‌రిక్ వీలాండ్ ఇందుకై యేండ్ల తరబడి శ్రమించి 1927వ సంవత్సరపు నోబెలు బహుమానమును పొందెను. బహుమానము పొందిన నిర్మాణచిత్రము తప్పని 1932లో తేలినది! బెర్నాల్ ఎక్సు కిరణములతో తీసిన కొలతలు ఆ చిత్రమునకు కుదురలేదు. లండనులో రోజెన్‌హైమ్, కింగ్‌లు సరియైన రూపమును సూచించిరి. వీలాండు తన తప్పును దిద్దుకొనుటకు జంకలేదు. ఈ అణువునకు కొలెస్టరాలుతో పోలికయుండుట యాదృచ్ఛికము కాదనియు, దేహము కొలెస్టరాలునుండియే దీనిని చేయుచున్నదనియు 1943లో బ్లాక్, బెర్గ్, రిట్టెన్‌బర్గ్‌లు కుక్కకు భార హైడ్రోజను గుర్తుపెట్టిన కొలెస్టరాలునిచ్చి నిరూపించిరి. ఎద్దు పిత్తపు ఆమ్లమునుండియే 1944లో సారెట్ మొట్టమొదటి కార్టిజోనును తయారు చేసెను. నాలుగేండ్లకు ఆ మందుతో కీళ్లనొప్పులవారు మంచముమీదినుండి లేచి నడచిరి. కసాయిశాలలలో కాలువపాలగు చేదునీటినుండి వచ్చినదది. మన పూర్వులు పశువుల పిత్తాశయపు రాయియైన గోరోచనమును తిలకమునకును ఔషధమునకును దాచుకొనిరి గనుక, పిత్తమునుండి వచ్చినదానికి విలువ యుండుట మనకు మరీ క్రొత్త కాదు.

మనుష్యునిలో ఈ రాకపోకల లెక్క తేలినది 1950–60 దశాబ్దమున. స్వీడనులో బెర్గ్‌స్ట్రోమ్, ఆయన సహచరులు అణుధార్మిక కర్బనపు గుర్తుగల కోలిక్ ఆమ్లమును ఇచ్చి దాని జాడలు పట్టిరి. 1957లో లిండ్‌స్టెట్ మనుష్యులలో దానిని కొలిచి, ఉన్నదానిలో సగము మారిపోవుటకు సుమారు రెండు మూడు దినములు పట్టునని చూపెను. ఆనాటినుండి నేటివరకు తేలిన లెక్కలను కలిపి చెప్పినచో ఇట్లుండును. పెద్దవాని దేహములో పిత్తామ్లముల మొత్తము రెండునుండి నాలుగు గ్రాములు మాత్రమే. కాని దినమునకు ప్రేగులోనికి దిగునది పన్నెండునుండి ముప్పది గ్రాములు. ఆ కొద్ది సొమ్మే ఆరునుండి పది పర్యాయములు తిరుగును. ఒక్కొక్క పర్యాయమున నూటికి తొంబదియైదు పాళ్లు వెనుకకు వచ్చును. పోవునది దినమునకు సుమారు అర గ్రాము. అంతమాత్రమే కాలేయము కొలెస్టరాలునుండి క్రొత్తగా చేయును.

పెండ్లిండ్లకు వంటపాత్రలను అద్దెకిచ్చు దుకాణమును తలంచుకొనుడు. దుకాణమున నాలుగు గుండిగలు, పది బేసినులు. ఊరిలో పెండ్లిండ్లు అనేకము. ఒక యింట వంట కాగానే తోమి తెచ్చి, మరియొక యింటికి పంపుదురు. నూరింట అయిదు పోవును, వానిని క్రొత్తగా కొందురు. పాత్రలను తోమి తెచ్చు బండి ఆగిన దినమున దుకాణము ఎంత పెద్దదైనను పెండ్లి నిలువదు.

ఆ బండి ఎచ్చట నిలుచునో 1961లో లాక్, వైనర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కచ్చితముగా చూపిరి. ఎలుకల, గినీపందుల ప్రేగు ముక్కలను తిరగవేసి పరీక్షించగా, చిన్న ప్రేగు తుదిభాగమగు శేషాంత్రము మాత్రమే పిత్తామ్లములను శక్తి వెచ్చించి లోనికి లాగుచున్నది. తక్కిన భాగములు వానిని అట్లు లాగుటలేదు. చిన్న ప్రేగు ఆరేడు గజముల పొడవుండగా, ఈ పని కడపటి భాగమునకే అప్పగించుటలో వివేకమున్నది. పైననే పీల్చివేసినచో క్రింద క్రొవ్వును కరగించుటకు ఆమ్లము మిగులదు. పని ముగియువరకు పనివానిని ఉంచి, గడప దాటబోవుచుండగా పట్టి తెచ్చుట వంటిదిది.

ఆ గడప చెడినవారి బాధ ఎట్టిదో మన దేశపు వైద్యులకు బాగుగ తెలియును. ప్రేగులకు సోకు క్షయ తఱచుగా పట్టునది చిన్న ప్రేగు పెద్ద ప్రేగుతో కలియు చోటనే. ప్రేగు మూసికొనిపోయి, శస్త్రచికిత్సలో శేషాంత్రమును కోసివేయవలసిన రోగులు మన ఆసుపత్రులలో కొత్తకాదు. గాయము మానును, జ్వరము పోవును, కాని నీళ్ల విరేచనములు ఆగవు. పీల్చబడని పిత్తామ్లములు పెద్ద ప్రేగులోనికి పొర్లి, దాని గోడను రేపి నీటిని ఊరించును. ఈ విధానమును హాఫ్‌మన్ అను వైద్యుడు 1967లో వివరించెను. కోసినది కొంచెమైనచో కాలేయము అనేక రెట్లు శ్రమించి లోటు పూడ్చును. ఎక్కువైనచో పూడ్చలేదు. అప్పుడు తిన్న నెయ్యి వంటబట్టక పోవును, మనిషి చిక్కిపోవును, పిత్తాశయములో రాళ్లును ఏర్పడవచ్చును. ష్వాను కుక్కలకు పట్టిన గతియే ఇది. ప్రేగు చివర రెండుమూడు అడుగులు పోయినవాడు పథ్యము తప్పి విరేచనములు తెచ్చుకొన్నాడని ఇంటివారు దూషించుట అన్యాయమని చెప్పుటకు ఈ సందర్భమును వాడుకొనుచున్నాము.

కొందరికి ఈ దారిని కావలెననియే అడ్డగించుదురు. పిత్తామ్లమును ప్రేగులోనే పట్టి యుంచు కొలెస్టిరమైన్ అను ఇసుకవంటి పొడి కలదు. ఆమ్లము తిరిగి రానందున కాలేయము క్రొత్తదానిని చేయవలసి, అందుకై రక్తమునుండి కొలెస్టరాలును లాగుకొనును. అమెరికాలో కొలెస్టరాలు ఎక్కువగానున్న 3,806 మంది పురుషులను సగటున ఏడేండ్లకు పైగా గమనించిన పరీక్ష యొక్క ఫలితములు 1984లో వెలువడెను. గుండెపోటులును గుండెజబ్బు మరణములును, ఆ పొడి తినినవారిలో నూటికి పందొమ్మిది పాళ్లు తగ్గెను. రక్తమునందలి కొలెస్టరాలును తగ్గించినచో గుండె జబ్బు తగ్గునా యను వాదమున ఇది పెద్ద సాక్ష్యమైనది. ఎలుగుబంటి పిత్తమునుండి 1927లో జపానుదేశీయుడగు షోడా వేరుచేసిన మరియొక ఆమ్లమును, నేడు కర్మాగారములలో చేసి, పిత్తము నిలిచిపోవు కొన్ని కాలేయవ్యాధులకు మాత్రగా ఇచ్చుచున్నారు. ఎలుగుబంట్లకు ఇంకను పూర్తిగా విముక్తి కలుగలేదు.

కాలేయమునకు ఎంత చేయవలెనో చెప్పునదెవరు? ఇది ఇటీవలివరకు తెలియలేదు. 1999లో మూడు బృందములు వేఱువేఱుగ పరిశోధించి, కణముల లోపల పిత్తామ్లమును గుర్తుపట్టి జన్యువులను ఆడించు ఒక గ్రాహకమును ప్రకటించెను. శేషాంత్రపు కణములలో ఆమ్లము చేరగానే ఆ గ్రాహకము మేల్కొని, ఒక ప్రోటీనును రక్తములోనికి వదలును. ఆ ప్రోటీను కాలేయమును చేరి “సరకు వచ్చుచున్నది, క్రొత్తది చేయవలదు” అను కబురు చెప్పును. పిత్తామ్లము తన రాకను తానే చాటుకొను దూత యని తేలినది. మలమన్నమాట ఎచ్చట, ఈ మాట ఎచ్చట!

ఈ దారి మూసికొనిపోయిన పసిపిల్లలు కొందరున్నారు. పుట్టుకతోనే కాలేయమునుండి పిత్తామ్లము వెలుపలికి రాలేక రక్తములో పేరుకొనును. కామెరలకంటె వారిని వేధించునది దురద. రాత్రులు నిద్రలేక, రక్తము వచ్చునట్లు చర్మమును గోకికొందురు. చేతులకు గుడ్డలు చుట్టి తల్లులు కూర్చుండి తెల్లవార్తురు. 1988నుండి ఇట్టి పిల్లలలో కొందరికి శస్త్రచికిత్స చేసి పిత్తములో కొంత భాగమును పొట్టమీదికి తెఱచిన రంధ్రముద్వారా సంచిలోనికి మళ్లించుచు వచ్చిరి. ష్వాను కుక్కలను చంపిన ఉపాయమే, తగుపాళ్లలో, బిడ్డలకు నిద్రనిచ్చినది. 2021లో ఒడెవిక్సిబాట్ అను ఔషధమునకు అమెరికాలోను ఐరోపాలోను అనుమతి లభించెను. శేషాంత్రములో పిత్తామ్లమును లోనికి లాగు ఆ తలుపును అది కొంతవరకు మూయును. ఉదయము తిండితోపాటు దినమునకు ఒక్కసారి. మందు పనిచేసిన పిల్లలలో రక్తమునందలి పిత్తామ్లము తగ్గును, దురద తగ్గును, సంచి అవసరము లేకుండ ఆ పిల్లలు రాత్రి నిద్రపోవుదురు.